మా టీవీకి పుల్ల పెట్టారు

మా ఇంటికొచ్చిన ప్రతివాడూ మంచినీళ్లు తాగకముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంకా ఈ డబ్బా టీవీనేనా మామా?" అని. అవునబ్బా, ఇంకా ఇదే. నన్ను చూసి "ఇంకా మీరేనా?" అని అడగరు కదా, దాన్ని మాత్రం ఎందుకు అడగాలి?

ఇరవై ఒక్క అంగుళాల కలర్ టీవీ అది. వెనక గూని. ఇద్దరు మనుషులు పడితే గాని జరగదు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాసే రోజుల్లో బోనసు డబ్బులకి అప్పు కలిపి కొన్నాను. ఆన్ చేస్తే లోపల్నుంచి ధుమ్మని ఒక చప్పుడు, గాజు దగ్గర చెయ్యి పెడితే రోమాలు నిక్కబొడుచుకుంటాయి, ఆ తర్వాత నింపాదిగా బొమ్మ వస్తుంది. మా బేస్తవారిపేట ఎండలు, వేసవిలో లో వోల్టేజి, మిద్దె మీద కోతులు తెంపిన వైర్లు, మనవళ్లు విసిరిన బంతులు, అన్నీ ఓర్చుకుని పాతికేళ్లు దాటింది. ఒకసారి లోపల ఎల్‌వోటీ అనే భాగం కాలిపోయింది. ఇంకోసారి స్విచ్చి పోయింది. రెండుసార్లూ మెకానిక్ ఇంటికే వచ్చాడు. వెనక డొప్ప విప్పి, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపి, సాల్డరింగు పెట్టి, టీ తాగి, ఇచ్చింది పుచ్చుకుని పోయాడు. రిపేరంటే నాకు తెలిసింది అదీ.

అలాంటి దానికి ఇప్పుడు తెలివి చాలదంటున్నారు. స్మార్ట్ కాదంట. పోనీ తీసెయ్యమన్నారా అంటే, అదీ కాదు. పక్కన స్ట్రీమింగ్ స్టిక్ అనే ఒక పుల్ల పెడితే దీనికీ తెలివొస్తుందంట. మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా మనవడు ఆ పుల్ల పెట్టి పోయాడు. అప్పట్నుంచీ నా గోడు ఇది.

ముందు మా రోజుల సంగతి చెప్పనివ్వండి. మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లావి. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా అని కొత్తది పుట్టిస్తే అందులో పడ్డాం. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కర్నూలు కింద ఉన్నప్పుడు తూర్పు కొసన ఉన్నాం, ఒంగోలు కిందికి వచ్చాక పడమటి కొసన ఉన్నాం. ఎటు చూసినా కొసే. అటు నల్లమల, ఇటు వెలిగొండ. నీళ్లయినా, బస్సయినా, టీవీ సిగ్నలయినా మా దాకా వచ్చేసరికి నీరసించి వచ్చేది. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైతే, మా ఊళ్లో టీవీ అనే వస్తువుని కళ్లారా చూసిన వాళ్లు అప్పటికి ఎవరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాకు రేడియోనే గతి. విజయవాడ, కడప కేంద్రాలు, గాలి వాటంగా ఉన్న పూట సిలోన్ తెలుగు పాటలు.

ఆ రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్లం. అవును, ఇంట్లో రేడియో పెట్టుకోవడానికి సర్కారు వారి అనుమతి. టీవీకీ ఉండేది. 1980ల నడుమ రెండూ ఎత్తేశారు. ఆ లైసెన్సు పుస్తకం మీద ఏడాదికోసారి ముద్ర వేయించుకోవడానికే మా నాయన సణిగేవాడు. ఈ రోజుల్లో బతికి ఉంటే, పాట విందామని కూర్చున్న ప్రతిసారీ ఫోనుకి ఆరంకెల ముద్ర వస్తుంటే ఏమనేవాడో. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా వీధికి టీవీ వచ్చింది ఎనభైల్లో. బ్లాక్ అండ్ వైటు, చెక్క పెట్టె, ముందు రెండు రెక్కల తలుపులు, వాటికి తాళం. మిద్దె మీద జీఐ పైపు పాతి, దాని కొసన అల్యూమినియం కడ్డీల యాంటెన్నా. గాలివాన వస్తే అది తిరిగిపోయేది. కాకి వాలితే బొమ్మ వణికేది. కుర్రాడొకడు మిద్దె ఎక్కి తిప్పడం, కిటికీ దగ్గర ఒకడు అరవడం, లోపల పదిమంది తలా ఒక సలహా ఇవ్వడం. ఈ కథ మీరందరూ విన్నదే కాబట్టి సాగదీయను. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆ తంటా అంతా మిద్దె మీదే. బొమ్మ ఒకసారి కుదిరిందంటే ఇక మా ఇష్టం. ఎవరి పేరు, ఎవరి నంబరు, ఎంతమంది కూర్చున్నారు అని అది అడిగేది కాదు.

1987 జనవరి 25, ఆదివారం. రామానంద్ సాగర్ రామాయణం మొదలైన రోజు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి మా వీధిలో కుక్క కూడా మొరిగేది కాదు. టీవీ ఉన్న ఇంటివాళ్లు వాకిలి కడిగి, టీవీకి పూలదండ వేసి, అగరొత్తులు వెలిగించేవాళ్లు. మేమంతా చాపల మీద. చిక్కేమిటంటే రామాయణం హిందీలో. మా వీధిలో ఆ భాష నోట పలికేది ఒక్క టైలరు సాయిబు గారే. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లం. ఆయనకి ఉర్దూ వచ్చు గనక క్రియలన్నీ పట్టేసేవాడు. "వస్తానంటుండాడు, పోతానంటుండాడు, ఒద్దంటా ఉంది" అని చెప్పేవాడు. కానీ ఆ సీరియల్లో హిందీ అంతా సంస్కృతం కలిపిన హిందీ. ప్రతిజ్ఞ, వనవాసం, ధర్మసంకటం లాంటి మాట రాగానే సాయిబు గారు ఆగిపోయి మా వైపు చూసేవాడు. ఆ మాటలు మాకొచ్చు. మేము ఆయనకి చెప్పేవాళ్లం. సగం ఆయన, సగం మేము కలిపితే రాముడు ఏమన్నాడో తెలిసేది. కైకేయి వరాలడిగిన వారం ఆయన మాట చెప్పలేక కళ్లు తుడుచుకున్నాడు. ఆ వారం ఎవరికీ తర్జుమా అవసరం పడలేదు.

ఇప్పుడు పుల్లలో ఒక మీట నొక్కితే భాష మారుతుంది. తెలుగు, తమిళం, హిందీ, ఏది కావాలంటే అది. బ్రహ్మాండం. కానీ సాయిబు గారి పని పోయింది. మా పనీ పోయింది.

కార్యక్రమం మధ్యలో ఆగిపోతే దూరదర్శన్ వాళ్లు ఒక అట్ట చూపించేవాళ్లు గుర్తుందా? అంతరాయానికి చింతిస్తున్నాము అని. నిజంగా చింతించారో లేదో మనకెందుకు, మాట వరసకైనా అన్నారు. ఈ పుల్లలో నెట్టు నిదానిస్తే తెర మధ్యలో ఒక సున్నా తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది. దానికి చింతా లేదు, సిగ్గూ లేదు.

వీడియో రాత్రుల గురించి రెండు ముక్కలు. పెళ్లికో, వినాయక చవితికో కంభం నుంచో మార్కాపురం నుంచో వీసీఆరు, కలర్ టీవీ అద్దెకి తెచ్చేవాళ్లు. రాత్రికి మూడు సినిమాలు. మొదటిది ఎన్టీవోడిది, రెండోది నాగేశ్వర్రావుది, మూడోది ఏదైతే ఏం, అప్పటికి చూసేవాళ్లలో సగం మంది అక్కడే నిద్రపోయేవాళ్లు. క్యాసెట్టు ఇరుక్కుంటే తీసి, హెడ్డు మీద స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ వేసేవాళ్లు. ఆ తర్వాత 1995లో ఈటీవీ, జెమినీ వచ్చి కేబుల్ వైరు ఇంటింటికీ పాకింది. 2017లో మాలాంటి పల్లెలకి కూడా సెట్‌టాప్ పెట్టె తప్పనిసరన్నారు. 2019 నుంచి ఏ చానల్ కావాలో నువ్వే ఏరుకో, దేనికి దానికే డబ్బు అన్నారు. ఏరుకోవడం అనే జబ్బు అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

ఇక నెట్టు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు వెలగపూడిలో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ అన్నారు. తవ్వకాలూ గుంటలూ లేకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఆ ఫైబరు దారం లాక్కొచ్చారు. ఆ తర్వాత ప్రైవేటు వాళ్లూ వచ్చారు. ఇప్పుడు మా వీధి స్తంభం చూస్తే మనిషి కంటే ముందు వైరే కనపడుతుంది. అన్నట్టు, మా పడమటి ప్రకాశానికి నీళ్లిస్తామని వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. నల్లమల కడుపులోంచి సొరంగాలు తవ్వి శ్రీశైలం నీళ్లు తెస్తామన్నారు. సొరంగాలైతే అయ్యాయన్నారు. నీళ్ల కోసం ఇంకా మెడలు చాచి చూస్తున్నాం. వెంట్రుకంత గాజు దారంలో సినిమాలు మాత్రం వచ్చేశాయి.

సరే, పుల్ల. మనవడు అట్టపెట్టెలోంచి తీశాడు, బొటనవేలంత ఉంది. టీవీ వెనక్కి వంగి చూసి, "తాతా, దీనికి హెచ్‌డీఎంఐ లేదు" అన్నాడు, ఏదో గుండెకి కవాటం లేదన్నంత దిగులుగా. మా టీవీకి ఉన్నవి మూడు గుండ్రటి రంధ్రాలు. పసుపు బొమ్మకి, తెలుపు ఎరుపు శబ్దానికి. వీసీఆరు, సీడీ ప్లేయరు, సెట్‌టాప్ పెట్టె అన్నీ ఆ మూడింటికే తగిలాయి. ఈ పుల్ల తగలదు. మధ్యలో ఒక మారకపు డబ్బీ కావాలి, కన్వర్టర్ అంటారు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. తీసుకురమ్మని పంపితే ఒక కొట్టువాడు తిరగేసిన డబ్బీ అంటగట్టాడు. అంటే పాత సీడీ ప్లేయర్ని కొత్త టీవీకి తగిలించేది. మాకు కావాల్సింది కొత్త పుల్లని పాత టీవీకి తగిలించేది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ధరా అంతే. మీద అచ్చేసిన ఇంగ్లీషులో ఏ పేరు ముందుందో, ఏది వెనకుందో చూసుకోవాలంట. హెచ్‌డీఎంఐ ముందుండి ఏవీ వెనకుంటేనే మాలాంటి వాళ్లకి. కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, కొట్టువాడు గుర్తుపెట్టుకోడు.

సరైన డబ్బీ వచ్చాక బొమ్మా వచ్చింది. బ్లాక్ అండ్ వైటులో వచ్చింది, పైనుంచి కిందికి జారుతూ వచ్చింది. మనవడు ఫోన్లో అదేదో వెతుకుతున్నాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని ఆ డబ్బీని తిప్పి చూస్తే పక్కన గోరుతో జరిపేంత చిన్న మీట ఉంది. ఒక వైపు పాల్, ఒక వైపు ఎన్‌టీఎస్‌సీ అని రాసుంది. మన దేశపు టీవీలు పాల్ పద్ధతివి, అమెరికా వాళ్లది ఎన్‌టీఎస్‌సీ. ఈ సంగతి వీసీఆరు రోజుల్లో బయటి దేశాల నుంచి క్యాసెట్లు తెచ్చుకున్నవాళ్లందరికీ తెలుసు. మీట ఇటు జరిపాను. రంగులొచ్చాయి, జారుడు ఆగింది. మనవడు నా వైపు చూసిన చూపుకి ఆ పుల్ల ఖరీదు చెల్లిపోయింది. అది వాడికి చెప్పలేదు.

శబ్దం రాలేదు. పుల్ల సెట్టింగుల్లోకి పోయి డాల్బీ ఏదో తీసేసి మామూలు పీసీఎం అని పెడితే వచ్చింది. ఇదీ తెలుసుకోవాల్సిందే. ఈ డబ్బీలకి సాదా శబ్దమే అర్థమవుతుంది, నాలాగే.

తర్వాత కరెంటు. టీవీకి ఒక ప్లగ్గు. పుల్లకి దాని సొంత చార్జరు. మనవడి స్నేహితుడొకడు ఇలాంటి పుల్లని వేరే ఇంట్లో టీవీ యూఎస్‌బీకే గుచ్చితే మాటిమాటికీ ఆరిపోయి మళ్లీ మొదట్నుంచీ వెలిగేదంట, అక్కడ కరెంటు చాలదు. మాకు ఆ యూఎస్‌బీయే లేదు గనక ఆ బాధ తప్పింది. డబ్బీకి ఇంకో చార్జరు. నెట్టు పెట్టెకి ఇంకోటి. సెట్‌టాప్ పెట్టెకి ఇంకోటి. స్టెబిలైజరు సరేసరి. ఒక్క గోడ ప్లగ్గుతో నడిచిన ఇంటికి పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు వచ్చింది, దాని వెనక వైర్ల పుట్ట. రిమోట్లు కూడా అంతే. టీవీదొకటి, సెట్‌టాప్‌దొకటి, పుల్లదొకటి. మా ఇంటామె పుల్ల రిమోటుకి ఎర్ర దారం కట్టింది. శబ్దం పెంచడానికి ఒకటి, ఆపడానికి ఒకటి, మధ్యలో ఏది నొక్కినా ఇంకేదో తెరుచుకుంటుంది.

అన్నిటికంటే నాకు కడుపు మండింది ఎక్కడంటే బొమ్మ ఆకారంలో. నా టీవీ తెర నాలుగుకి మూడు. పాత సినిమాలు తీసిందీ ఇంచుమించు ఆ కొలతలోనే. మాయాబజార్ 1957 నాటి సినిమా, నా టీవీకి కొలిచి కుట్టినట్టు సరిపోవాలి. పుల్ల ఏం చేస్తుందంటే, నీది వెడల్పాటి కొత్త టీవీ అనుకుని ఆ సినిమాకి రెండు పక్కలా నల్ల గోడలు కడుతుంది. ఆ గోడలతో సహా మొత్తాన్ని డబ్బీ పట్టి పిండి నా తెరలో కూరుతుంది. నడుమ ఇరుకు సందులో మనుషులు సాగి కనపడతారు. ఎస్వీ రంగారావంతటి ఘటోత్కచుడు అంత విందు తినేసి కూడా వెదురు బొంగులా నిలబడ్డాడు. సినిమాదీ నాలుగుకి మూడే, టీవీదీ నాలుగుకి మూడే, మధ్యవర్తి వచ్చి ఇద్దరినీ చెడగొట్టాడు. జూమ్ అనీ, స్క్రీన్ సైజు అనీ ఎన్నో వెతికారు. కాస్త కుదిరింది, పూర్తిగా కుదరలేదు. కొత్త సినిమాలకైతే అంచుల్లో ఉన్న అక్షరాలు గాజు వెనక్కి పోతాయి. పేర్లు పడేటప్పుడు దర్శకుడి ఇంటిపేరు మాయం.

ఒక్క విషయంలో మాత్రం నా మాట నెగ్గింది. మనవడు అన్నిటికీ హెచ్‌డీ పెట్టాడు. హెచ్‌డీ అయితే గంటకి దాదాపు మూడు జీబీ దాకా లాగుతుంది. ఫైబరు తెగిన రోజు ఫోను హాట్‌స్పాట్ మీద చూస్తే రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు అరగంటకే ఊడుస్తుంది. అప్పుడు అడిగాను వాణ్ణి, "అబ్బయ్యా, నా టీవీలో గీతలెన్ని?" అని. తెల్లమొహం వేశాడు. మన పాల్ టీవీలో మొత్తం 625 గీతలు, అందులో బొమ్మకి పనికొచ్చేవి 576. వెయ్యిన్నెనభై గీతలు తెచ్చి పోసినా మిగతావి ఎక్కడికి పోతాయి? 480 చాలు. అది పెట్టాక సున్నా తిరగడం తగ్గింది, ప్యాకు మిగిలింది, బొమ్మలో తేడా ఎవరికీ కనపడలేదు. పాత టీవీకి ఇలా పుల్ల పెట్టుకున్నవాళ్లందరూ ముందు ఈ పని చెయ్యండి.

ఇప్పుడు అనుమతుల సంగతి. పుల్ల వెలగ్గానే ఎవరు నువ్వు అంటుంది. మెయిలు ఐడీ కొట్టమంటుంది. బాణాల రిమోటుతో ఒక్కో అక్షరం దగ్గరికీ నడిచి వెళ్లి నొక్కాలి. 'ఏ' దగ్గర మొదలెడితే 'ఎస్' చేరేసరికి తెల్లారుతుంది. పాస్‌వర్డులో పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, ఒక వంకర గుర్తు, అన్నీ ఉండాలి. తప్పితే మళ్లీ మొదటికి. లేదంటే తెర మీద చుక్కల గళ్ల బొమ్మ చూపించి ఫోన్‌తో ఫొటో తియ్యమంటుంది. మా తెర వంపుది, పైగా మిణుకుతుంది, ఫోను దాన్ని ఎంతకీ చదవలేదు. ఆ తర్వాత ఓటీపీ. అది వచ్చేది మనవడి ఫోనుకి, మనవడుండేది హైదరాబాదులో, మీటింగులో. "వాడు మీటింగ్ నుంచి బయటికొస్తే గాని సినిమా పడదంట" అని మా ఇంటామె పప్పు రుబ్బుకోవడానికి పోయింది. సినిమా మాది, టీవీ మాది, కరెంటు బిల్లు మాది, ఆజ్ఞ హైదరాబాదు నుంచి రావాలి.

డబ్బు కట్టిన యాప్ ఒకటి తెరిస్తే బొమ్మ లేకుండా నల్లగా నిలబడింది. పేరెందుకులెండి. మనవడు ఫోన్లో అడిగి చెప్పాడు. హెచ్‌డీసీపీ అని ఒక తాళం ఉందంట. పంపేవాడికీ చూపేవాడికీ మధ్య ఆ తాళంచెవి కుదిరితేనే బొమ్మ వదులుతారు. దొంగతనంగా రికార్డు చేస్తారని భయం. చవక డబ్బీల్లో కొన్నిటి దగ్గర ఆ తాళంచెవి ఉండదు. ఉచితంగా వచ్చే యూట్యూబ్ చక్కగా ఆడుతుంది, డబ్బు కట్టింది ఆడదు! దొంగలెవరో దర్జాగా చూసుకుంటూనే ఉంటారు, చందా కట్టిన వాడికే నల్ల తెర. చెక్క తలుపుల టీవీకి తాళం ఉండేదన్నాను కదా, ఆ తాళంచెవి ఆ ఇంటాయన మొలతాడుకి వేలాడేది. ఇది ఎవరి మొలతాడుకి ఉందో కూడా తెలియదు.

రిమోటులో మాట్లాడితే వింటుందన్నారు. మా ఇంటామె దాన్ని మూతి దగ్గర పెట్టుకుని "పాతాళభైరవి యాడుందో సూడు" అంది. అది ఏదో ఇంగ్లీషు దెయ్యాల సినిమా తెచ్చి పెట్టింది. రెండోసారి పట్నం వాళ్లలా ముద్దుగా "పాతాళ భైరవి" అని విడివిడిగా పలికితే దొరికింది. పడమటి ప్రకాశం యాసని కర్నూలు వాళ్లు ఒంగోలుది అంటారు, ఒంగోలు వాళ్లు కర్నూలుది అంటారు. ఈ యంత్రం అసలు మనుషులదే కాదనుకుంది.

ఇన్ని తిట్టాక కూడా కొత్త స్మార్ట్ టీవీ కొనమంటే కొనను. మొండితనం అంటుంది మా కోడలు. కాదు, లెక్క. స్మార్ట్ టీవీ అంటే తెరా తెలివీ ఒకే డొప్పలో పెట్టి అతికించినది. తెర పదిహేనేళ్లు బతకొచ్చు. తెలివికి అంత ఆయుష్షు లేదు. 2010, 2011 నాటి కొన్ని సామ్‌సంగ్ స్మార్ట్ టీవీల్లో 2019 డిసెంబరు నుంచి నెట్‌ఫ్లిక్స్ రావడం మానేసింది. తెరకేం రోగం లేదు, యాప్ ఇక ఆ వయసు వాటికి రాదన్నారు, అంతే. పుల్లలూ అమరం కావు. 2025 మార్చిలో గూగుల్ వాళ్ల రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ప్రపంచమంతటా ఒక్కపెట్టున మొరాయించాయి. కాలిపోయాయా, తడిశాయా? అదేం కాదు. వాటి లోపల పదేళ్ల గడువుతో పెట్టిన ఒక డిజిటల్ సర్టిఫికెట్‌కి ఆ రోజుతో తేదీ దాటిపోయింది. కంపెనీ వాళ్లు తర్వాత మరమ్మతు పంపించారనుకోండి. నా పిక్చర్ ట్యూబ్‌కి గడువు తేదీ ఎవరూ రాయలేదు. అందుకని నేను చెప్పేది, తెలివిని డొప్ప బయటే ఉంచుకోండి. అది ముసలిదైతే పుల్ల ఒక్కటే పీకి పారేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. 2017లో అమెజాన్ పుల్ల మన దేశానికి వచ్చినప్పుడు 3,999 రూపాయలు. టీవీ ఖరీదు ముందు అదెంత?

మాయాబజార్ అనుకున్నాం కదా. అందులో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంది, తెరిచిన వాళ్లకి వాళ్ల మనసులో ఉన్నది కనపడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు చూస్తే శకుని. ఒకే ఇంట్లో, ఒకే పెట్టెలో, ఎవరి బొమ్మ వారిదే. ఈ పుల్ల కూడా అచ్చం అంతే. ఎవరు చూస్తున్నారని మొదటే అడుగుతుంది, తాత అని ఒక గుండ్రం, అవ్వ అని ఒక గుండ్రం, పిల్లలు అని ఒక గుండ్రం. నా గుండ్రం నొక్కితే పౌరాణికాలు, ఆమెది నొక్కితే వంటలు. సాయంత్రం కూర్చుంటే తెర మీద సినిమాల అట్టలు ఇటూ అటూ జరపడంతోనే సరిపోతుంది. ఇది బాగుంటుందేమో, అది బాగుంటుందేమో అనుకుంటుండగానే అన్నం వేళవుతుంది. అప్పట్లో శుక్రవారం చిత్రలహరిలో దూరదర్శన్ వాళ్లు వేసిన పాటే పాట. నచ్చినా నచ్చకపోయినా చూసేవాళ్లం, మర్నాడు మార్కాపురం బస్సులో దాని గురించే మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు నేను చూసింది పక్కింటాయన చూడడు, ఆయన చూసింది నేను చూడను. బస్సులో అందరి చెవుల్లోనూ దూదిలాంటివి.

2020లో అందరూ ఇళ్లలో మగ్గినప్పుడు దూరదర్శన్ మార్చి 28 నుంచి అదే రామాయణం మళ్లీ వేసింది. ఏప్రిల్ 16 భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని వాళ్లే చెప్పుకున్నారు. నేనూ ఆ లెక్కలో ఉన్నాను. మనిషి పక్కన మనిషి కూర్చోకూడదన్న రోజులవి. సాయిబు గారు అప్పటికే లేరు. హిందీ నాకు ఇన్నేళ్లలో కాస్త వచ్చింది గాని, క్రియల దగ్గర ఇప్పటికీ తడబడతాను.

మొన్న కోడలు కొట్టుకి తీసుకెళ్లింది. గోడకి అతుక్కుపోయే టీవీలు, అన్నీ ఒకే నీలం చేపల్ని చూపిస్తున్నాయి. పాతది ఇస్తే వెయ్యి తగ్గిస్తామన్నాడు కొట్టు కుర్రాడు. వారంటీ ఎంతబ్బాయ్ అంటే ఏడాదన్నాడు. ఆ తర్వాత తెర పోతే? ప్యానెల్ మార్చడం దండగ సార్, కొత్తదే కొనుక్కోవడం నయం అన్నాడు నవ్వుతూ. అమ్మేవాడే ఆ మాట అన్నాక ఇంక నేను అనేదేముంది? కోడలు ఫ్రిజ్‌ల వైపు పోయింది.

ఈ పూట మాయాబజార్ సగంలో ఆపింది పూర్తి చేద్దామని కూర్చున్నాం. తెర మీద అప్‌డేట్ అని వచ్చింది. అరగంట పట్టొచ్చంట. అయ్యేదాకా కరెంటు తీయొద్దని పెద్దక్షరాల్లో హెచ్చరిక. తీసేది నేను కాదు గదా నాయనా, ఏడున్నరకి తీసే వాళ్లు వేరే ఉన్నారు, ఆ ముక్క వాళ్లకి చెప్పు.